గుంపు కనిపిస్తుంది, వలలో పడదేం?

ప్రశ్న: మా అత్తగారిది అంతర్వేది దగ్గర పల్లె. వేసవి సెలవులకి వెళ్ళినప్పుడల్లా విసురువల పట్టుకుని మోకాలి లోతు నీళ్ళలో దిగుతాను. కొయింగ చేపలు గుంపులుగా కనిపిస్తాయి గానీ వల వేసేసరికి ఒక్కటీ ఉండదు. బావమరుదులు నవ్వుతున్నారు. ఎక్కడ, ఏ వేళకి వెతకాలి? వేట నిషేధం రోజుల్లో అసలు వల వేయొచ్చా?
- ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: బావమరుదులు నవ్వడం ఎక్కడైనా ఉన్నదే. మీ ఉత్తరంలో నాకు తగిలిన మాట వేరే ఉంది: వెళ్ళగానే దిగిపోతున్నారు. మా తాత ఒడ్డున కూర్చుని చుట్ట పూర్తిగా కాల్చేదాకా వల భుజం మీదే ఉండేది. ఆయన చూసేది నీళ్ళని.

పొద్దున్నే గాలి లేవకముందు చూడండి. నీళ్ళు నునుపుగా ఉంటాయి, ఒక్కచోట మాత్రం సన్న చినుకులు పడుతున్నట్టు చిట్లుతుంటాయి. కొయింగలు పైకొచ్చి మూతులు ఆడిస్తున్నాయన్నమాట. మధ్యలో ఏదో ఒకటి పక్కకి ఒరిగి తళుక్కుమంటుంది. ఎగిరిపడే చేపని నమ్ముకోకండి, ఒంటరి కొయింగ కూడా ఎగురుతుంది. కొంగలు నాలుగైదు ఒకేవైపు తిరిగి నిలబడ్డాయంటే మాత్రం అటు నడవొచ్చు. మధ్యాహ్నం దక్షిణ గాలి లేచాక అలల్లో ఈ గుర్తులేవీ ఆనవు. పోలరైజ్డ్ కళ్ళద్దాలుంటే నీటి మెరుపు తగ్గి కొంత నయం. మా తాతకి అవి లేవు, చెయ్యి అడ్డం పెట్టుకునేవాడు.

ఇక చోటు. ఎండాకాలంలో ధవళేశ్వరం ఆనకట్ట నుంచి కిందికొచ్చే నీరు బాగా తగ్గిపోతుంది. ఉప్పునీరు మీ పల్లె పక్కనున్న గోదావరి పాయ వశిష్ఠలో పైకి ఎక్కుతుంది, చేపా దాని వెంటే కాలవల్లోకీ మడ చెట్ల మొదళ్ళలోకీ వస్తుంది. కొయింగ తిండి బురద మీద పట్టిన పాచి. పోటు, అంటే సముద్రపు నీరు, ఎక్కుతున్నంతసేపు అప్పుడే మునిగిన బురద మీద మేస్తుంది, నీళ్ళు తీయడం, అంటే వెనక్కి పోవడం, మొదలవగానే చిన్న కాలవల గుండా తిరిగి లోతుకి దిగుతుంది. నన్నడిగితే పోటు తిరిగాక మొదటి గంటా రెండు గంటలూ కాలవ నోటి దగ్గరే ఉండండి. గుంపు మీ దగ్గరికే వస్తుంది, మీరు తరమక్కర్లేదు. పోటు వేళ రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది కాబట్టి నిన్నటి వేళ తెలిస్తే ఇవాళ్టిది లెక్కకట్టుకోవచ్చు. అమావాస్య, పున్నమిలకి నీరు ఎక్కువ ఎక్కుతుంది, ఎక్కువ తీస్తుంది.

సూర్యుణ్ణి వెనక పెట్టుకున్నారా, మీ నీడ మీకంటే ముందు గుంపు మీద పడుతుంది. ఎదురుగా పెట్టుకుంటే మెరుపుకి ఏమీ కనిపించదు. పక్కగా ఉంచుకోండి. అడుగు ఎత్తి వేయకుండా ఇసుకని రాస్తూ జరపండి. చప్పుడు తగ్గుతుంది, పైగా బురదలో పడుకున్న టేకు చేప ముందే తప్పుకుంటుంది. దాని తోక ముల్లు దిగితే ఆ రోజుకి వేట ఆస్పత్రిలోనే. వల గుంపు నడిమి మీద వేయకండి. తలలు ఎటున్నాయో చూసి, వాటికి రెండు బారల ముందు పరుచుకునేలా విసరండి. సీసపు గుళ్ళు నేలకి తగిలేదాకా తాడు లాగొద్దు. తొందరపడి లాగితే అంచు లేచి, కిందనుంచి అన్నీ జారిపోతాయి. మీకు జరుగుతున్నది ఇదేనని నా అనుమానం.

కవళ్ళనే చేపల జోలికి మాత్రం పోకండి. అవి అలలు విరిగే చోటుకి అవతల తిరుగుతాయి, విసురువల అందదు. పదిమంది కలిసి లాగే అలివి వల పని అది.

నిషేధం సంగతి. మన తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మర పడవలు, ఇంజిను పడవలు సముద్రంలో వేటకి పోకూడదు. గుడ్లు పెట్టే కాలమని పెట్టిన నియమం. తెడ్డుతో నడిచే నాటు పడవలకి అది వర్తించదు, ఒడ్డున నిలబడి చేతివల వేసే మీకూ ఇబ్బంది లేదు. కానీ కోరింగ వైపు వెళ్తే అది అభయారణ్యం, అక్కడి అటవీ సిబ్బందిని అడగకుండా వల దించొద్దు. వల కన్ను మరీ సన్నగా ఉంటే మార్చేయండి. వేలెడు పిల్లలు పట్టి ఎవరికి కూర వండుతారు?

మొగ దగ్గర, అంటే నది సముద్రంలో కలిసేచోట, నీళ్ళు తీసే వేళ మోకాలి లోతు దాటొద్దు. అక్కడి లాగుడు ఈతకి లొంగేది కాదు, కాళ్ళ కింద ఇసుక కూడా జారిపోతుంది. వల తాడు మణికట్టుకి బిగించే అలవాటుంటే అక్కడ మానేయండి, వదిలేయాల్సివస్తే చేతిలోంచి సులువుగా ఊడిరావాలి.