ఆరోగ్య విభాగంలో ఎమర్జెన్సీ సన్నద్ధత బాధ్యత కొత్తగా ఇచ్చారు, ఇన్ని అలర్టుల్లో ఏది చదవాలి?

మీరడిగింది ఇదీ: స్థానిక ఆరోగ్య విభాగంలో ఎమర్జెన్సీ పని మీ నెత్తిన పడింది, రోజూ బులెటిన్లు, అలర్టులు, సర్క్యులర్లు కుప్పలుగా వస్తున్నాయి, ఏది చదవాలో ఏది వదిలేయాలో అర్థం కావట్లేదు. ఆ సీట్లో నేను పదకొండేళ్లు కూర్చున్నాను. ఇప్పుడు లేను కాబట్టి మొహమాటం లేకుండా చెప్తాను.

అన్నీ చదవకండి. అంతకన్నా ముఖ్యం, వచ్చినవన్నీ అందరికీ ఫార్వర్డ్ చేయకండి. మొదటి రెండేళ్లు నేను చేసింది అదే, పొద్దున్నే వచ్చి మెయిల్ తెరవడం, ప్రతి అలర్టుకీ పైన 'మీ సమాచారం కోసం' అని రాసి నలభై మందికి పంపడం, ఈ రోజు పని అయిపోయిందనుకోవడం. ఒకసారి మీటింగ్‌లో ఒక నర్సు చాలా మామూలుగా, 'మేడమ్, మీ మెయిల్స్ కోసం విడిగా ఒక ఫోల్డర్ పెట్టానండీ, అన్నీ నేరుగా అందులోకే వెళ్లిపోతాయి' అంది. మెచ్చుకుంటోందనే అనుకున్నాను. తెరిచి చూపిస్తే ఒక్కటీ చదివినట్టు లేదు.

నాకు బుద్ధి వచ్చింది మాత్రం తట్టు వల్ల. అదేనండీ, మీజిల్స్. పక్క ప్రాంతంలో కేసులు పెరుగుతున్నాయని అలర్టు వచ్చింది, అలవాటు ప్రకారం ఫార్వర్డ్ కొట్టాను. పక్క వారం శుక్రవారం సాయంత్రం ఏడింటికి ఒక ఆసుపత్రి నుంచి ఫోన్, ఒక పిల్లాడికి తట్టని తేలింది, వాడు ముందురోజు పొద్దున కిక్కిరిసిన వెయిటింగ్ హాల్లో గంటసేపు కూర్చున్నాడు. తట్టు సంగతి మీకు తెలిసే ఉంటుంది, రోగి లేచి వెళ్లిపోయాక కూడా ఆ గాలిలో 2 గంటల దాకా వైరస్ ఉంటుంది, టీకా పడనివాళ్ల మధ్య ఒక్క కేసు 12 నుంచి 18 మందికి అంటించగలదు. ఎదురుపడ్డవాళ్లకి 72 గంటల్లోపు టీకా వేస్తే ఆపే అవకాశం ఉంటుంది, టీకా వేయకూడని మరీ పసిపిల్లలకి, గర్భిణులకి అయితే 6 రోజుల్లోపు ఇమ్యునోగ్లోబులిన్, అంటే తయారుగా ఉన్న యాంటీబాడీల ఇంజెక్షన్. అంటే ఫోన్ వచ్చేసరికే 72లో దాదాపు సగం గంటలు అయిపోయాయి.

టీకాలు కోల్డ్ రూమ్‌లో ఉన్నాయి, దాని తాళం ఒకాయన దగ్గరుంటుంది, ఆయన నంబరు మా ఎమర్జెన్సీ ప్లాన్ చివరి పేజీలో ఉంది. చేశాను. వాళ్లావిడ ఎత్తారు. 'ఆయన రిటైరై రెండేళ్లయిందమ్మా, పడుకున్నారు, లేపనా?' అన్నారు. ఆ తర్వాత తాళం ఎవరికిచ్చారో తెలుసుకుని, వాళ్లు సెలవులో ఉన్నారని తెలిసి, రెండో తాళం వెతికించి డోసులు బయటికి తెచ్చేసరికి శనివారం మధ్యాహ్నం. చేతిలో ఒక రోజు కూడా మిగల్లేదు. అందరినీ అందుకోలేకపోయాం, తర్వాత ఇద్దరికి దద్దుర్లు వచ్చాయి, అదృష్టం కొద్దీ ఇద్దరూ కోలుకున్నారు. అలర్టు సరిగ్గా టైముకే వచ్చింది చూడండి, వారం ముందే. ఆ వారంలో నేను ఒక్క ఫోన్ చేసినా సరిపోయేది.

అప్పట్నుంచి ఒకటే పద్ధతి పెట్టుకున్నాను. ఏ అలర్టు వచ్చినా, 'ఇది రేపు మన దగ్గర బయటపడితే నేను మొదట ఎవరికి ఫోన్ చేయాలి?' అని నోట్‌బుక్‌లో రాసుకుని, ఆ ఫోన్ ఏదో ఆ రోజే చేసేదాన్ని. జవాబు తట్టకపోతే ప్లాన్‌లో బొక్క ఉన్నట్టు. అసలు మనకు సంబంధమే లేదనిపిస్తే డిలీట్, మనసులో పీకులాట అక్కర్లేదు. నలభై అలర్టుల్లో నిలిచేవి రెండో మూడో.

ఎక్కడ చూడాలంటే, ప్రపంచ ఆరోగ్య సంస్థ డిసీజ్ అవుట్‌బ్రేక్ న్యూస్, మీ దేశపు వ్యాధుల నిఘా విభాగం వారంవారం ఇచ్చే బులెటిన్, ఇంకా ప్రోమెడ్, అంటే ప్రపంచంలో ఎక్కడ వ్యాధి తలెత్తినా ఆ కబుర్లు పోగుచేసి పెట్టే ఆన్‌లైన్ సర్వీసు. వూహాన్‌లో అంతుబట్టని న్యుమోనియా అని 2019 డిసెంబర్ 30నే ప్రోమెడ్‌లో వచ్చింది. అయితే హెడ్డింగులో పెద్ద మాట కోసం ఎదురుచూడకండి. కోవిడ్‌కి ప్రపంచ ఆరోగ్య సంస్థ తన అత్యున్నత హెచ్చరిక మోగించింది 2020 జనవరి 30న, కానీ చాలా ఆఫీసుల్లో కదలిక వచ్చింది మార్చి 11న 'మహమ్మారి' అన్నాక. మధ్యలో 41 రోజులు! దేశాలన్నీ ఒప్పుకున్న అంతర్జాతీయ ఆరోగ్య నియమాల ప్రకారం బరువున్న ప్రకటన మొదటిదే, రెండోది వాడుక మాట. ఆ నియమాలకి చేసిన సవరణలు 2025 సెప్టెంబర్ 19న అమల్లోకి వచ్చాయి, వాటిలో 'పాండమిక్ ఎమర్జెన్సీ' అని ఇంకో పై మెట్టు చేర్చారు. మీ ప్లాన్‌లో పాత పదాలే ఉంటే మార్చుకోండి, చిన్న పని.

ఇవన్నీ దూరం నుంచి వచ్చే వార్తలు. దగ్గర వార్త ఇంకా ముఖ్యం, దాన్ని ఎవరూ మెయిల్ చేయరు. ల్యాబ్ టెక్నీషియన్, మందుల షాపు ఆయన, స్కూల్లో హాజరు చూసే టీచరు, వీళ్లతో నెలకోసారైనా ఊరికే మాట్లాడండి. విరేచనాలు ఆపే మందు ఉన్నట్టుండి అయిపోతోందన్న మాట నాకు ఏ బులెటిన్‌కన్నా ముందు షాపులోంచే వచ్చింది, అదీ రెండుసార్లు.

స్టాక్ లెక్కల మీద నమ్మకం పెట్టుకోకండి. ఒకసారి సీలు తీయని కార్టన్‌లోంచి ఎన్‌95 మాస్క్ తీసి పెట్టుకోబోతే పట్టీ పుటుక్కున తెగింది, ఇంకోటి తీస్తే అదీ అంతే, రబ్బరు ఎండిపోయి పెళుసుబారింది. రిజిస్టర్‌లో మాత్రం నిల్వ నిండుగా ఉంది. ప్రతి లాట్ నుంచి ఒకటి తీసి నిజంగా పెట్టుకుని చూడాలి. జనరేటర్ కూడా అంతే, లోడ్ వేసి నడపకపోతే నడిపినట్టు కాదు.

ఏదైనా సంఘటన జరిగాక మనం ఎలా చేశామో చూసుకోవడానికి 7-1-7 లెక్క బాగుంటుంది. మొదలైన 7 రోజుల్లో కనిపెట్టామా, 1 రోజులో పైకి చెప్పామా, ఇంకో 7 రోజుల్లో తొలి చర్యలు పూర్తిచేశామా అని. దీన్ని ఎవరిది తప్పని తేల్చడానికి వాడితే మాత్రం రెండోసారి నిజమైన తేదీలు ఎవరూ చెప్పరు, అది నేను చూశాను.

ఇక ఆ ఫోన్ లిస్టు. మూడు నెలలకోసారి, పని వేళలు దాటాక, చెప్పకుండా చేసి చూడండి. మొదటిసారి బాగా తిట్టించుకుంటారు. కాగితం మీద కూడా ఉంచండి, కరెంటు పోయిన రాత్రి సర్వర్‌లో ఉన్న ఫైల్ తెరుచుకోదు. నాది లామినేట్ చేయించి కోల్డ్ రూమ్ తలుపుకి తగిలించాను. మొన్న పనిమీద ఆ పక్కకి వెళ్తే చూశాను, ఇంకా అక్కడే ఉంది, మూడు నంబర్లు ఎవరో మార్కర్‌తో కొట్టేసి పక్కన కొత్తవి రాశారు.