కిడ్నీ అమర్చే ముందే రాయి తియ్యాలంటే

తల్లీ,

నీ మెసేజ్ నిన్న రాత్రే చూశాను. హడావిడిగా రెండు ముక్కలు రాసి పంపడం ఇష్టం లేక ఇవాళ కూర్చుని వివరంగా రాస్తున్నాను. దాత ఎడమ కిడ్నీలో 7 మిల్లీమీటర్ల రాయి ఉంది, కిడ్నీ బయటికి వచ్చాక బ్యాక్ టేబుల్ (పక్కనుండే బల్ల, మనం బెంచ్ అనేది) మీదే రాయి తీసేసి అప్పుడు అమర్చాలనుకున్నారు, స్కోప్, అంటే లోపలికి పంపే సన్న కెమెరా గొట్టం, పట్టుకునేది నువ్వు. టెన్షన్‌గా ఉందన్నావు. మొదటిసారి ఎవరికైనా ఉంటుంది.

నువ్వు స్కోప్ గురించే అడిగావు, కానీ నేను దాత దగ్గర మొదలుపెడతాను. ఆ రాయి ఎందుకు వచ్చిందో తేలిందా? ఆ మనిషి ఆపరేషన్ తర్వాత ఒక్క కిడ్నీతో జీవితాంతం బతకాలి, రాళ్లు తయారయ్యే ఒళ్లయితే తర్వాతి రాయి వచ్చేది ఆ మిగిలిన ఒక్కదాంట్లోనే. 24 గంటల యూరిన్ పట్టి కాల్షియం, ఆక్సలేట్, యూరిక్ యాసిడ్, సిట్రేట్ ఎంతెంత ఉన్నాయో, మొత్తం ఎన్ని లీటర్లు వచ్చిందో చూడండి. రక్తంలో కాల్షియం ఎక్కువగా ఉంటే పీటీహెచ్ (పారాథైరాయిడ్ హార్మోన్) కూడా. ఇంతకుముందు ఎప్పుడైనా రాయి పడిందా, ఇంట్లో ఎవరికైనా ఉందా అని ఫారంలో టిక్ పెట్టించడం కాదు, కూర్చోబెట్టి అడుగు. రెండు వైపులా రాళ్లున్నా, కిడ్నీ కండలోనే కాల్షియం పేరుకున్నట్టు కనిపించినా, పుట్టుకతో వచ్చే లోపం వల్ల ఏర్పడే సిస్టీన్ రాయి అయినా, పుట్టుకతో వచ్చే ఆక్సలేట్ జబ్బు అని తేలినా, ఇన్ఫెక్షన్ వల్ల మళ్లీ మళ్లీ వచ్చే రాళ్లయినా అక్కడితో ఆపేయాలి, ఎంత బతిమాలినా సరే.

పాతరోజుల్లో రాయి అనగానే దాతను ఇంటికి పంపేసేవాళ్లు. 2004లో కిడ్నీ దాతల గురించి ఆమ్‌స్టర్‌డామ్‌లో జరిగిన అంతర్జాతీయ సమావేశం, పరీక్షలన్నీ బాగుండి ఒకే రాయి ఉండి, అది 1.5 సెంటీమీటర్ల లోపుదైనా, ట్రాన్స్‌ప్లాంట్ సమయంలో తీయగలిగేదైనా ఆ దాతను తీసుకోవచ్చని చెప్పింది. కిడ్నీ వైద్యానికి మార్గదర్శకాలు ఇచ్చే అంతర్జాతీయ సంస్థ కేడీఐజీఓ 2017లో ఇచ్చినవి మళ్లీ రాయి వచ్చే అవకాశం ఎంత, వస్తే ఆ దాతకు ఏమవుతుంది అన్నదే చూడమన్నాయి. నాకు ఆ రెండో పద్ధతే సరైనదనిపిస్తుంది. అలాగే రాయి ఉన్న కిడ్నీనే ఇవ్వాలి, మంచిది దాత దగ్గరే ఉండాలి. రెండు కిడ్నీల పనితీరు విడివిడిగా చూపించే స్కాన్ చూసుకునే ఎడమది తీస్తున్నారనుకుంటాను, ఒకసారి నువ్వే తెరిచి చూడు.

ఇంత చిన్న రాయి అలాగే వదిలేస్తే ఏం అని మీ వాళ్లలో ఎవరో అన్నారన్నావు కదా. 3, 4 మిల్లీమీటర్లదైతే ఆ మాట నేనూ ఒప్పుకుంటాను, కనిపెట్టుకుని ఉండొచ్చు. 7 అంటే వదలను. అమర్చిన కిడ్నీకి నరాలు తెగిపోయి ఉంటాయి, రాయి అడ్డుపడినా మామూలు మనిషికి వచ్చే నొప్పి రాదు. యూరిన్ తగ్గిందనో, క్రియాటినిన్ పెరిగిందనో, జ్వరం వచ్చిందనో తెలిసేసరికి ఆలస్యమవుతుంది. అదీ రోగనిరోధక శక్తిని తగ్గించే మందుల మీద ఉన్న మనిషికి, ఉన్న ఒక్క కిడ్నీలో. అప్పుడు కింది నుంచి స్కోప్ పంపుదామంటే కొత్త యురేటర్‌ను (కిడ్నీ నుంచి యూరిన్ తెచ్చే గొట్టాన్ని) బ్లాడర్ పైభాగంలో కుట్టి ఉంటాం, దాని నోట్లోకి వెళ్లడమే పెద్ద పని. కిడ్నీ పైపైనే ఉంటుంది గనుక పొట్ట మీద నుంచి సూది గుచ్చి తీయొచ్చు, కానీ నువ్వు బెంచ్ మీద కళ్లారా చూస్తూ పది నిమిషాల్లో చేయగలిగే పనికి అంత దూరం ఎందుకు?

నా అనుభవంలో ఒకటి చెప్తాను. ఒక కేసులో దాత స్కాన్ తీసి నాలుగు నెలలైంది, కొత్తది అడగాలని నాకు తోచలేదు. బెంచ్ మీద కిడ్నీ లోపల యూరిన్ చేరే ప్రతి చిన్న గదీ వెతికాను, రాయి లేదు. మళ్లీ వెతికాను. అది ఎప్పుడో యూరిన్‌లో పడిపోయింది, ఆ దాత చెప్పలేదు, నేను అడగలేదు. ఆ వెతుకులాటలో పోయిన సమయం ఇప్పటికీ బాధగానే ఉంటుంది. అందుకే ఆపరేషన్‌కు ఒకటి రెండు రోజుల ముందు తక్కువ డోసు ప్లెయిన్ సీటీ (రంగు మందు ఎక్కించకుండా తీసే స్కాన్), కుదరకపోతే కనీసం అల్ట్రాసౌండ్ చేయించు. ఇన్ఫెక్షన్ ఉందేమో చూడ్డానికి యూరిన్ కల్చర్ కూడా.

ఇక టేబుల్ దగ్గర. సెలైన్ బ్యాగులు ముందురోజు రాత్రే ఫ్రిజ్‌లో పెట్టించు, ఈ ఒక్క పని అందరూ మర్చిపోతారు. కిడ్నీ రాగానే ప్రిజర్వేషన్ ద్రవంతో కడగడం పూర్తికావాలి, నీ పని దాని తర్వాతే. కిడ్నీ ఐస్ స్లష్‌లో (నలిగిన మంచులో) మునిగే ఉండాలి, స్కోప్ లోపలికి వెళ్లే నీళ్లూ చల్లగా ఉండాలి. థియేటర్ వేడిలో ఉన్న నీళ్లు పంపితే బయట మంచు పెట్టి లోపల వేడి చేసినట్టే. నీళ్లను సిరంజీతో తొయ్యొద్దు, బ్యాగు వేలాడదీసి దానంతట అది పారనివ్వు. ఒత్తిడి పెరిగితే దెబ్బ తినేది కిడ్నీ కండే.

యురేటర్‌ను చివర మాత్రమే పట్టుకో, ఎలాగూ ఆ చివర కత్తిరించేస్తాం. మధ్యలో ఫోర్సెప్స్ (పట్టుకారు) వెయ్యొద్దు. దాని చుట్టూ ఉన్న కొవ్వును శుభ్రం చేయాలని చెయ్యి లాగుతుంది చూడు, ముఖ్యంగా కిడ్నీ కింది కొనకూ యురేటర్‌కూ మధ్య, అక్కడ అస్సలు ముట్టుకోకు. యురేటర్‌కు రక్తం వచ్చే దారి అదే, అది పోతే వారం తర్వాత లీక్ అవుతుంది. ముందు దారి చూపే సన్న తీగ, గైడ్‌వైర్, దాని మీదుగా సన్న ఫ్లెక్సిబుల్ స్కోప్. ఎక్కకపోతే బలవంతం వద్దు, కొంచెం ఆగి అసిస్టెంట్‌ను యురేటర్ వంపు లేకుండా పట్టుకోమను, సాగదీయకుండా. రాయి కింది గదిలో ఉంటే కిడ్నీనే మెల్లగా తిప్పమను, చాలాసార్లు రాయి దొర్లి ముందుకొస్తుంది. ఒంట్లో ఉన్న కిడ్నీకి ఈ సౌకర్యం లేదు.

ముందు బాస్కెట్‌తో (రాయిని పట్టే చిన్న తీగల బుట్టతో) ప్రయత్నించు. ముక్కలు చేయకుండా మొత్తంగా వస్తే అంతకంటే మంచిది లేదు. బయటికి లాగేటప్పుడు యురేటర్‌లో బిగుసుకుంటే వదిలేసి వెనక్కి పంపి, అప్పుడు రాయిని పగలగొట్టే హోల్మియం లేజర్. లేజర్ కాల్చినంతసేపూ చల్లటి నీళ్లు ఆగకూడదు, వేడి అక్కడే పుడుతుంది. అయ్యాక ప్రతి గదీ మళ్లీ చూసుకుంటూ రా.

సమయం నువ్వే ముందు చెప్పి గోడ గడియారం చూడమని ఒక మనిషిని పెట్టు. గ్రహీతను పక్క థియేటర్‌లో సిద్ధం చేసేలోపు నీ పని అయిపోవాలి, నేనైతే 20 నిమిషాలు హద్దు పెట్టుకునేదాన్ని. రాకపోతే ఆపెయ్, రాసిపెట్టు, కిడ్నీ అమర్చనివ్వు. ఆపినందుకు నిన్ను ఎవరూ తప్పు పట్టకూడదు, పడితే నా దగ్గరికి పంపు. డీజే స్టెంట్ (యురేటర్ తెరుచుకుని ఉండేలా లోపల పెట్టే సన్న గొట్టం) మాత్రం తప్పనిసరిగా పెట్టించు.

రాయిని పారేయొద్దు. ఒక ముక్క కల్చర్‌కు పంపు, ఎందుకంటే ఆ కిడ్నీ వెళ్తున్న ఒంట్లో ఇన్ఫెక్షన్‌ను తట్టుకునే శక్తి తక్కువ. మిగతాది రాయి విశ్లేషణకు. ఆ రిపోర్ట్ గ్రహీత ఫైల్లో చేరి దాతకు అందకుండా పోవడం నేను చాలాసార్లు చూశాను, అది దాత ఒంట్లో తయారైన రాయి, దాత ఫైల్లోనే ఉండాలి. రోజుకు రెండున్నర లీటర్ల యూరిన్ వచ్చేంత నీళ్లు తాగాలని, ఏటా ఒక అల్ట్రాసౌండ్ చేయించుకోవాలని ఆ మనిషికి నువ్వే స్వయంగా చెప్పు, డిశ్చార్జ్ పేపర్ మీద రాసి వదిలేయకు.

కొత్త సీటీ రాగానే ఆ బొమ్మలు నాకు పంపు. రాయి ఏ గదిలో ఉందో ఫోన్లో ఇద్దరం కలిసి చూద్దాం.