కూకట్‌పల్లి వదిలి గోదావరి జిల్లాలకు వస్తే ఖర్చు సగమవుతుందా?

మీరడిగింది ఇదీ: కూకట్‌పల్లిలో డబుల్ బెడ్‌రూమ్‌కి మెయింటెనెన్స్‌తో కలిపి 27 వేలు కడుతున్నారు, భార్యాభర్తలిద్దరికీ ఇంటి నుంచే పని, బాబు రెండో తరగతి. రాజమండ్రి, భీమవరం, అమలాపురంలో ఎక్కడికో ఒకచోటికి మారిపోతే నెల ఖర్చు సగానికి వస్తుందా అని.

రాదండి. అద్దె మాత్రం సగమవుతుంది. మిగతావాటిలో కొన్ని తగ్గుతాయి, కొన్ని కదలవు, రెండు మూడు ఖర్చులైతే హైదరాబాద్‌లో లేనివి ఇక్కడికొచ్చాకే మొదలవుతాయి. మేం మియాపూర్ నుంచి రాజమండ్రి వచ్చేశాం, మా అక్కావాళ్ళు భీమవరంలో ఉంటారు, మా అత్తగారిది అమలాపురం పక్కన పల్లెటూరు, కాబట్టి మూడుచోట్ల లెక్కలూ ఎప్పుడూ చెవిన పడుతూనే ఉంటాయి.

అద్దె సంగతి ముందు చెప్తాను. మియాపూర్‌లో మెయింటెనెన్స్‌తో 25 వేలు ఇచ్చేవాళ్ళం, ఇక్కడ దానవాయిపేటలో దానికంటే పెద్ద ఇల్లు, లిఫ్టు, కారు పార్కింగ్, 13 వేలు. మోరంపూడి, లాలాచెరువు వైపు చూసుకుంటే ఇంకో రెండు మూడు వేలు తగ్గేది. అమలాపురంలో 8, 9 వేలకి డాబా ఇంట్లో పై వాటా దొరుకుతుంది. భీమవరం చిన్న ఊరే కదా అని చవక అనుకోకండి, రొయ్యల డబ్బు, కాలేజీల పిల్లలు, 2022లో జిల్లా కేంద్రమయ్యాక వచ్చిన ఆఫీసులు అన్నీ కలిసి కాస్త బాగున్న ఇల్లు ఖాళీ అయితే చాలు పోటీ. అక్కావాళ్ళు 12 వేలు ఇస్తున్నారు, అదీ తెలిసినవాళ్ళిల్లు కాబట్టి.

యాప్‌లు నమ్ముకోకండి. మంచి ఇళ్ళు వాటిలోకి రావు, పాలవాడికో ఇస్త్రీ అతనికో చెప్పి ఉంచాలి. ఇల్లు చూడ్డానికి వెళ్తే ఓనరుగారు హాల్లో కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, ముందు ఏ ఊరు అంటారు, తర్వాత ఇంటిపేరు, అప్పటికీ కులం తేలకపోతే సూటిగా "మీరేమిట్లు?" అనేస్తారు. హైదరాబాద్‌లో ఇది లేదని కాదు, ఇక్కడ మొహమాటం కూడా లేదు. మాకు ఒకచోట కాఫీ తాగాక ఇల్లు "మా తమ్ముడి కొడుక్కి కావాలంటున్నాడు" అయిపోయింది, ఆ తర్వాత రెండు నెలలూ అదే గేటుకి టులెట్ బోర్డు వేలాడుతూనే ఉంది. ఒళ్ళు మండింది, ఏం చేస్తాం.

ఇంకో సంగతి, మీరు పాత పన్ను విధానంలో ఉంటే హెచ్‌ఆర్‌ఏ (జీతంలో వచ్చే ఇంటి అద్దె భత్యం) లెక్క వేసుకోండి. అద్దె తగ్గితే మినహాయింపు కూడా తగ్గుతుంది, పైగా ఏడాది అద్దె లక్ష దాటితే ఆఫీసులో ఓనరు పాన్ నంబర్ అడుగుతారు. ఇక్కడ పాన్ అనే మాట ఎత్తగానే చాలామంది ఓనర్ల మొహం మారిపోతుంది. అడ్వాన్స్ ఇచ్చే ముందే అడిగెయ్యండి. కొత్త విధానంలో ఉంటే ఈ గొడవే లేదు.

ఇప్పుడు పెరిగేవి. కరెంటు! హైదరాబాద్‌లో వేసవి పొడిగా ఉంటుంది కాబట్టి చాలా రోజులు కూలర్‌తో గడిపేస్తాం. ఇక్కడ ఉక్కపోతకి కూలర్ పెడితే తడిగాలి తప్ప చల్లదనం రాదు. ఇద్దరూ చెరో గదిలో కాల్స్‌లో ఉంటారు కాబట్టి ఏసీలు కూడా రెండు, పొద్దున్నుంచి సాయంత్రం దాకా. ఆంధ్రా శ్లాబుల్లో 225 యూనిట్లు దాటిన దగ్గర్నుంచి యూనిట్ 8 రూపాయల 75 పైసలు, 400 దాటితే 9.75, ఆ పైన సర్దుబాటు ఛార్జీలు వేరే. మే నెల బిల్లు చూసి మా ఆయన మీటర్ పాడైందన్నారు, లైన్‌మన్ వచ్చి చూసి మీటర్ బాగానే ఉందండీ అని నవ్వేసి వెళ్ళిపోయాడు. ఇన్వర్టర్ కూడా బడ్జెట్‌లో రాసుకోండి, గాలివాన వస్తే కరెంటూ నెట్టూ కలిసే పోతాయి.

నీళ్ళు. గోదావరి పక్కనే కదా అనుకుంటాం. రాజమండ్రిలో ఫర్వాలేదు. డెల్టా ఊళ్ళు చాలావరకు కాలువ నీళ్ళ మీద బతుకుతాయి, వేసవిలో పంట అయిపోయాక కాలువలు కట్టేస్తారు, మళ్ళీ వదిలేదాకా చెరువుల్లో నింపి ఉంచుకున్న నీళ్ళే. భీమవరం చుట్టూ రొయ్యల చెరువులు, బోరు వేస్తే ఉప్పు. అక్కావాళ్ళింట్లో తాగడానికీ వంటకీ ఏడాది పొడుగునా టిన్నులే, కుళాయి మూతుల మీద తెల్లటి పొర గీకినా పోదు, గీజర్ కాయిల్ కూడా మార్చారు.

తిండి విషయంలో అందరూ చెప్పేది సగమే నిజం. కూరగాయలు, అరటిపళ్ళు, పాలు బాగుంటాయి, కాస్త తక్కువే. బియ్యం మాత్రం పొలం కౌలు గింజలు వచ్చేవాళ్ళకే చవక, షాపులో 26 కేజీల బస్తా కొనేవాళ్ళకి ఇక్కడా అక్కడా పెద్ద తేడా ఉండదు. రొయ్య ఊళ్ళోనే పెరుగుతుంది కానీ ధర ఎగుమతి కౌంట్‌ని బట్టి, అంటే కేజీకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్నదాన్ని బట్టి నడుస్తుంది, పెద్ద సైజు సరుకు కంపెనీలకే పోతుంది. పులస గురించి అడక్కండి, దాన్ని కొని తినేవాళ్ళు అద్దె గురించి ప్రశ్నలు వెయ్యరు. పనమ్మాయి జీతం బాగా తక్కువ. పెట్రోలు లీటరుకి ఇక్కడే ఎక్కువైనా తిరిగేది తక్కువ కాబట్టి నెలకి మిగులుతుంది. స్కూలు ఫీజులో మాత్రం ఆశ పెట్టుకోకండి, పేరున్న కార్పొరేట్ బ్రాంచి ఏ ఊళ్ళో అయినా దాదాపు అంతే లాగుతుంది.

అసలు దెబ్బ ఇవేవీ కాదు, పెళ్ళిళ్ళు. హైదరాబాద్‌లో ఉన్నన్నాళ్ళూ "సెలవు దొరకలేదత్తయ్యా" అని ఫోన్‌లో అక్షింతలు వేసేవాళ్ళం. ఇప్పుడు గంట దూరంలో ఉండి రాలేదంటే ఊరుకోరు. మాఘమాసం, శ్రావణం వచ్చాయంటే పెళ్ళి, గృహప్రవేశం, ఓణీల ఫంక్షన్, పంచెలు కట్టించడం, వరస. భోజనాల షెడ్డు పక్కన బల్ల వేసుకుని ఒకాయన నోట్‌బుక్‌లో చదివింపులు రాస్తుంటాడు, మన ముందు ఎవరు ఎంత రాయించారో తలకిందులుగా అయినా కనిపిస్తూనే ఉంటుంది, ఇక 500 తీద్దామనుకున్న చెయ్యి వెయ్యికి వెళ్తుంది. దానికి తోడు చీర, కారు కిరాయి. సీజన్‌లో ఒక్కో నెల మాకు అద్దెలో మిగిలిందంతా వీటికే పోతోంది. చుట్టాలు ఈ వైపు లేనివాళ్ళయితే ఈ పేరా వదిలెయ్యండి, మీకు నిజంగానే బాగా మిగులుతుంది.

మొత్తం మీద మా ఇంట్లో ఏడాది సగటు చూస్తే మూడో వంతు తగ్గింది. సగం కాలేదు, అయినా వెనక్కి వెళ్ళాలని మాత్రం లేదు.

ఊరు ఏదంటే, ఆఫీసు అప్పుడప్పుడూ పిలుస్తుంటే రాజమండ్రే. రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి సికింద్రాబాద్, వందేభారత్ ఆగుతుంది, మధురపూడిలో విమానాశ్రయం ఉంది. భీమవరానికీ రైళ్ళున్నాయి. అమలాపురానికి మాత్రం ఇప్పటికీ రైలు లేదు, బస్సే గతి, ఈ ఊరి మీదుగా వెళ్ళాల్సిన కోటిపల్లి–నరసాపురం లైను మా అత్తగారు పెళ్ళై వచ్చినప్పటి నుంచీ రాబోతూనే ఉందట. అసలు ఆఫీసుతో పనే లేకపోతే అమలాపురం అంత హాయి ఇంకోటి లేదు.

ఇల్లు చూడ్డానికి వానాకాలంలో రండి, ఏ వీధిలో నీళ్ళు నిలుస్తాయో అప్పుడే తెలుస్తుంది. వచ్చే ముందు ఇంటి నుంచి పని ఎన్నాళ్ళుంటుందో, నెలకి ఎన్నిసార్లు ఆఫీసుకి రావాలో ఇద్దరూ హెచ్‌ఆర్ చేత మెయిల్‌లో రాయించుకోండి. మేనేజర్ నోటిమాట మీద కూకట్‌పల్లి ఇల్లు ఖాళీ చెయ్యొద్దు.