ఎఫ్-150కి క్యాట్-బ్యాక్ ఎగ్జాస్ట్: హైవే వేగంలో క్యాబిన్ లోపల ఏం వినిపిస్తుందో చూసి ఎంచుకోండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: మీరు డాలస్ శివార్లలో ఉంటున్నారు, 5.0 లీటర్ వీ8 ఇంజన్ ఉన్న 2018 ఫోర్డ్ ఎఫ్-150 సూపర్‌క్రూను (నాలుగు తలుపుల పెద్ద క్యాబిన్ ఉన్న పికప్ ట్రక్కును) సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు, మామూలు రోజుల్లో ఆఫీసుకు, సెలవు రోజుల్లో చిన్న ట్రెయిలర్ లాగడానికి వాడుతున్నారు, వెనుక సీట్లో ఇద్దరు పిల్లలు కూర్చుంటారు. బండికి కాస్త గంభీరమైన గొంతు కావాలి గానీ ఇంట్లోవాళ్లకు తలనొప్పి రాకూడదు. దాంతోపాటు వారంటీ గురించి, ఎమిషన్స్ (పొగ కాలుష్యం) పరీక్ష గురించి, బిగించే పని గురించి కూడా అడిగారు. నేనూ టెక్సస్‌లోనే ఇదే తరం ఎఫ్-150ని ఇదే ఇంజన్‌తో నడుపుతున్నాను, ఎగ్జాస్ట్ మార్పించుకున్నాను కూడా. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మీరు చెప్పిన వాడకానికి 3 అంగుళాల పైపు, వాయువు నేరుగా సాగే పొడవైన స్ట్రెయిట్-త్రూ మఫ్లర్ (శబ్దాన్ని అణిచే డబ్బా), పక్కకు ఒకే నిష్క్రమణ ఉన్న, మధ్యస్థాయి శబ్దం గల పూర్తి క్యాట్-బ్యాక్ కిట్ సరిపోతుందని నా అభిప్రాయం. క్యాట్-బ్యాక్ అంటే, పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ తర్వాతి నుంచి టెయిల్‌పైప్ చివరి వరకు ఉన్న భాగం మాత్రమే. కన్వర్టర్‌ను గానీ, దానికి ముందు ఇంజన్ నుంచి పొగను సేకరించే మానిఫోల్డ్‌ను గానీ ముట్టుకోవలసిన అవసరం లేదు.

అయితే ఏ కంపెనీది కొనాలన్న దానికన్నా, దేన్ని విని నిర్ణయించుకోవాలన్నదే పెద్ద విషయం. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసినప్పటి ఉరుమును, ఆగి ఉన్న బండిలో యాక్సిలరేటర్ తొక్కితే వచ్చే గర్జనను వీడియోల్లో విని చాలామంది కొనేస్తారు. కానీ మీరు ఆ బండిలో ఎక్కువ సేపు గడిపేది గంటకు 65, 70 మైళ్ల స్థిరమైన వేగంలో, అద్దాలన్నీ మూసుకుని, పక్కవాళ్లతో మాట్లాడుకుంటూ. ఆ స్థితిలో లోపల ఏం వినిపిస్తుందో ఆ వీడియోలు చెప్పలేవు. ఫోన్ మైకులు పెద్ద శబ్దాన్ని తమంతట తామే తగ్గించి రికార్డు చేస్తాయి, మంద్రమైన అడుగు స్వరాలను సరిగా పట్టుకోవు. అసలు ఇబ్బంది అంతా ఆ అడుగు స్వరాల్లోనే ఉంటుంది.

ఇక్కడ అందరూ డ్రోన్ అని పిలిచే హోరు గురించి కొంచెం లెక్కతో చెబుతాను, ఎందుకంటే లెక్క తెలిస్తే కిట్ల వివరణలు చదివే తీరే మారిపోతుంది. నాలుగు స్ట్రోకుల వీ8 ఇంజన్‌లో క్రాంక్ ఒక్కసారి తిరిగితే నాలుగు సిలిండర్లు మండుతాయి. 1,800 ఆర్‌పీఎం అంటే సెకనుకు 30 చుట్లు, అంటే సెకనుకు 120 పేలుళ్లు, అంటే 120 హెర్ట్జ్. మీ బండిలోని 10 గేర్ల ట్రాన్స్‌మిషన్ హైవే మీద ఇంజన్‌ను ఎక్కువగా 1,500 నుంచి 2,000 ఆర్‌పీఎం మధ్యే ఉంచుతుంది కాబట్టి మీ చెవికి చేరే ప్రధాన స్వరం 100 నుంచి 133 హెర్ట్జ్ వరకు ఉంటుంది. మూసి ఉన్న క్యాబిన్ ఈ స్వరాలలో కొన్నింటికి, ఖాళీ సీసా మూతి మీద ఊదినప్పుడు సీసా పలికినట్టు, తానూ పలకడం మొదలుపెడుతుంది. అప్పుడు బయట నిలబడిన మనిషికి హాయిగా వినిపించే ఎగ్జాస్టే లోపల కూర్చున్న మనిషికి భరించరానిది అవుతుంది.

కొనడానికి ముందు ఒక మిత్రుడి బండిలో ఆస్టిన్ వైపు ఐ-35 మీద ప్రయాణించాను. ఆయన బండికి లోపల గోడలుండే పొట్టి ఛాంబర్డ్ మఫ్లర్ ఉంది, శబ్దాన్ని అదనంగా తగ్గించే రెజొనేటర్ లేదు. పార్కింగ్‌లో ఆ గొంతు విని ముచ్చటపడ్డాను. 70 మైళ్ల దగ్గర వేగాన్ని స్థిరంగా ఉంచే క్రూజ్ పెట్టగానే రియర్‌వ్యూ అద్దంలోని దృశ్యం సన్నగా వణకసాగింది, వెనుక సీట్లోని పిల్లవాడు రెండు చెవుల మీదా చేతులు పెట్టుకున్నాడు. వేగం కాస్త తగ్గించగానే హోరు తెగిపోయింది, మళ్లీ 70కి రాగానే మొదలైంది. ఒక ఇరుకైన ఆర్‌పీఎం పట్టీలోనే వచ్చి పోవడం డ్రోన్ లక్షణం. మీరు బాగా నడిపే వేగం ఆ పట్టీలో పడితే ప్రతి దూరప్రయాణమూ శిక్షే.

అందుకే, మీకు నచ్చిన కిట్ వేసుకున్నవారు దగ్గర్లో ఎవరైనా ఉంటే వారి బండిలో ముందు సీట్లో కాకుండా వెనుక సీట్లో కూర్చుని, హైవే మీద పదిహేను నిమిషాలైనా తిరగండి. క్యాబ్ కొలత, ఇంజన్ రెండూ మీ బండివే అయ్యుండాలి. ఫోన్‌లో శబ్దం కొలిచే యాప్ వాడాలనుకుంటే అందులో ఏ-వెయిటింగ్ అనే కొలత పద్ధతి బదులు, అడుగు స్వరాలను పెద్దగా తగ్గించని సీ-వెయిటింగ్ ఎంచుకోండి. ఏ-వెయిటింగ్ 100 హెర్ట్జ్ దగ్గర సుమారు 19 డెసిబెల్స్ తగ్గించి చూపిస్తుంది, కాబట్టి తల దిమ్మెక్కించే హోరు ఉన్నప్పుడు కూడా తెర మీద అంకె మాత్రం అమాయకంగానే కనిపిస్తుంది.

ఇక మఫ్లర్ల సంగతి. ఫ్లోమాస్టర్ పేరు చెప్పగానే గుర్తొచ్చే ఛాంబర్డ్ మఫ్లర్ లోపల ఇనుప గోడలుంటాయి. శబ్ద తరంగాలు వాటికి కొట్టుకుని ఒకదాన్నొకటి కొంత రద్దు చేసుకుంటాయి. పాతకాలపు అమెరికన్ వీ8 గరగర దాని సొత్తు, అయితే పొట్టి మోడళ్లలో డ్రోన్‌కు అవకాశం ఎక్కువ. మాగ్నాఫ్లో, బోర్లా వంటివారి స్ట్రెయిట్-త్రూ మఫ్లర్‌లో చిల్లుల గొట్టం నేరుగా వెళుతుంది, దాని చుట్టూ శబ్దాన్ని పీల్చుకునే పీచు కూరి ఉంటుంది. గొంతు నున్నగా ఉంటుంది, వాయువుకు అడ్డంకి తక్కువ. వీటిలో మఫ్లర్ పొడవే కీలకం: పీచు ఎంత ఎక్కువ ఉంటే శబ్దం అంత అణుగుతుంది. ఒకే బండికి బోర్లా టూరింగ్, ఎస్-టైప్, అటాక్ అని శబ్ద స్థాయిల వారీగా అమ్ముతుంది. కోర్సా కూడా టూరింగ్, స్పోర్ట్, ఎక్స్‌ట్రీమ్ అంటుంది. పిల్లలున్న ఇంటికి అటాక్, ఎక్స్‌ట్రీమ్ స్థాయిలు వద్దని గట్టిగానే చెబుతాను. నేను మధ్యస్థాయి తీసుకున్నాను. ఇంజన్ మీద బరువు పడినప్పుడు నిండుగా పలుకుతుంది, క్రూజ్‌లో మాటకు అడ్డురాదు.

ఇప్పటికే డ్రోన్‌తో బాధపడేవారికి ఒక మార్గం ఉంది. ప్రధాన పైపు పక్కన, ఒక చివర మూసిన గొట్టాన్ని అతికిస్తారు. దీన్ని జె-పైప్ అంటారు. లోపలికి వెళ్లి వెనక్కి వచ్చిన తరంగం ప్రధాన తరంగాన్ని రద్దు చేయాలంటే ఆ గొట్టం పొడవు తరంగం పొడవులో నాలుగో వంతు ఉండాలి. వేడి వాయువులో ధ్వని సెకనుకు 480 మీటర్ల వేగంతో పోతోందనుకుంటే 120 హెర్ట్జ్ తరంగం పొడవు 4 మీటర్లు, గొట్టం పొడవు 1 మీటరు. కొన్ని ఎగ్జాస్ట్ కిట్లలో ఈ ఏర్పాటు ముందే ఉంటుంది. పాత షెవ్రొలే సిల్వరాడో 5.3, రామ్ 5.7 హెమీ ఉన్న మిత్రులు మరింత జాగ్రత్తగా ఉండాలి, ఎందుకంటే అవి తేలికపాటి భారంలో నాలుగు సిలిండర్లు ఆపేస్తాయి, స్వరం సగానికి పడిపోయి మరో రకం హోరు మొదలవుతుంది. టర్బో ఉన్న ఎకోబూస్ట్ ఇంజన్లలో టర్బోనే కొంత శబ్దాన్ని మింగేస్తుంది కాబట్టి ఈ లెక్కలు వేరుగా ఉంటాయి.

శక్తి పెరుగుతుందా అన్న ప్రశ్నకు నిజాయితీగా చెప్పాలంటే, క్యాట్-బ్యాక్ ఒక్కటే మారిస్తే వచ్చే లాభం స్వల్పం, ట్రెయిలర్ లాగేటప్పుడు మీకు తేడా తెలియకపోవచ్చు. ఫ్యాక్టరీ వ్యవస్థ అంత చెడ్డదేమీ కాదు. ఇంజన్‌కు కొంత బ్యాక్ ప్రెషర్ (పొగను వెనక్కి నెట్టే ఒత్తిడి) అవసరమన్న మాట మాత్రం నమ్మకండి. అవసరమైనది వాయువు వేగం. పైపు మరీ వెడల్పయితే ఆ వేగం తగ్గి, బరువు లాగడానికి పనికొచ్చే తక్కువ ఆర్‌పీఎం దగ్గరే బండి మందగించవచ్చు. 5 లీటర్ల ఇంజన్‌కు 3 అంగుళాల సింగిల్ పైపు చాలు. డబ్బు పెట్టేది గొంతు కోసం, మన్నిక కోసం అనుకుంటే నిరాశ ఉండదు.

పైపు ఎటు తేలాలన్నది అందం విషయంలా కనిపిస్తుంది గానీ ట్రెయిలర్ ఉన్నవారికి అది పని విషయం. నేరుగా వెనక్కి తేలే జంట పైపులు ట్రెయిలర్ ముందు భాగం మీదికి వేడిని, మసిని కొడతాయి. కొన్ని డిజైన్లు స్పేర్ టైరుకు, ట్రెయిలర్ తగిలించే హిచ్‌కు మరీ దగ్గరగా వెళతాయి. వెనుక చక్రం దాటాక, ప్రయాణికుడి సీటు ఉండే కుడి పక్కకు తేలే ఒంటి పైపు మీకు నయం. బంపర్ కన్నా ముందే, ట్రక్ బెడ్ కిందనే పైపు ముగించే చవక పద్ధతిని ఎవరు సూచించినా ఒప్పుకోవద్దు. వెనుక స్లైడింగ్ కిటికీ తెరిచి ఉన్నప్పుడు కార్బన్ మోనాక్సైడ్ క్యాబిన్‌లోకి వచ్చే ప్రమాదం ఉంది. ఆర్డరు పెట్టే ముందు వీల్‌బేస్ (ముందు, వెనుక చక్రాల మధ్య దూరం) సరిచూసుకోండి. సూపర్‌క్రూకి 5.5 అడుగుల బెడ్ అయితే 145 అంగుళాలు, 6.5 అడుగుల బెడ్ అయితే 157 అంగుళాలు. ఒకదానిది మరొకదానికి కోతలు లేకుండా కుదరదు.

లోహం విషయంలో డాలస్ వాతావరణం మనకు మేలు చేస్తుంది, రోడ్ల మీద ఉప్పు చల్లడం ఉత్తరాది రాష్ట్రాలంత ఉండదు. 409 రకం స్టెయిన్‌లెస్ ఉక్కులో క్రోమియం 11 శాతం దరిదాపుల్లో ఉంటుంది, పైపైన గోధుమరంగు తుప్పు పడుతుంది గానీ ఏళ్ల తరబడి నిలుస్తుంది. 304 రకంలో క్రోమియం 18 శాతం, నికెల్ 8 శాతం. తుప్పు అంత తేలిగ్గా పట్టదు, ధర ఎక్కువ. మిషిగన్‌లో ఉండే తమ్ముడికి 304 తీసుకోమని చెప్పాను. ఇక్కడ 409 చాలు. అల్యూమినియం పూత వేసిన అల్యూమినైజ్డ్ ఉక్కు మాత్రం బండిని త్వరలో అమ్మేసే ఆలోచన ఉంటేనే.

చట్టం దగ్గరికి వస్తే, ఫెడరల్ క్లీన్ ఎయిర్ యాక్ట్ ప్రకారం క్యాటలిటిక్ కన్వర్టర్ తీసేయడం చట్టవిరుద్ధం, ఏ షాపు చేసిపెడతానన్నా సరే. టెక్సస్‌లో 2025 జనవరి 1 నుంచి సొంత వాహనాలకు సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ ఎత్తేశారు గానీ డాలస్, కాలిన్, డెంటన్, టారంట్ వంటి కౌంటీల్లో ఎమిషన్స్ పరీక్ష కొనసాగుతోంది. క్యాట్-బ్యాక్ పని ఆక్సిజన్ సెన్సర్ల తర్వాతి భాగంలో జరుగుతుంది కాబట్టి ఆ పరీక్షకు అడ్డు కాదు. మఫ్లర్ సరైన స్థితిలో ఉండాలని, మితిమీరిన శబ్దం రాకూడదని, పొగను మఫ్లర్‌లోకి పోనీయకుండా దారి మళ్లించే కటౌట్ గానీ బైపాస్ గానీ వాడకూడదని రాష్ట్ర రవాణా చట్టం చెబుతుంది. కాబట్టి మఫ్లర్ తీసేసి వట్టి పైపు వేసే ఆలోచన వదిలేయండి. వారంటీ మాటకొస్తే, 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం ప్రకారం బయటి భాగం వేశారన్న ఒక్క కారణంతో కంపెనీ వారంటీని నిరాకరించకూడదు, ఆ భాగం వల్లే చెడిందని చూపాలి. మీ బండికి ఫ్యాక్టరీ పవర్‌ట్రెయిన్ వారంటీ 5 ఏళ్లు లేదా 60,000 మైళ్లు, అది ఎలాగూ ముగిసింది. విడిగా ఎక్స్‌టెండెడ్ సర్వీస్ కాంట్రాక్టు కొని ఉంటే మాత్రం అందులో మార్పుల గురించిన షరతును ముందే చదవండి.

బిగించే పని ఇంట్లో చేసుకోవచ్చు, కానీ బండిని జాక్ స్టాండ్ల మీద భద్రంగా నిలపగలిగితేనే. పాత పైపు వెనుక ఇరుసు మీదుగా ఒకే ముక్కగా పోతుంది కాబట్టి దాన్ని తీయాలంటే చాలా సందర్భాల్లో రంపంతో కోయక తప్పదు. కోసే చోటు తిరిగి క్లాంపుతో కలపడానికి వీలుగా ఉండే, వంపు లేని తిన్నని భాగంలో చూసుకోండి. పైపును వేలాడదీసే రబ్బరు హ్యాంగర్లకు సబ్బునీళ్లు రాస్తే తేలిగ్గా జారతాయి. క్లాంపులన్నీ మొదట వదులుగా పెట్టి, బ్రేక్ గొట్టాలకు, స్పేర్ టైరుకు కనీసం అర అంగుళం దూరం ఉండేలా పైపు సర్ది, ముందు నుంచి వెనక్కి వరసగా బిగించండి. యూ-బోల్టు క్లాంపులకన్నా పట్టీ క్లాంపులు నయం. అవి పైపును నొక్కేయవు, తర్వాత విప్పడం సులువు. మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు తయారీలో మిగిలిన నూనె కాలి కాస్త పొగ, వాసన వస్తాయి, భయపడకండి, స్టార్ట్ చేయడం మాత్రం గ్యారేజీ బయట, ఆరుబయటే చేయండి. 100 మైళ్ల లోపు ఒకసారి, ఇంజన్ పూర్తిగా చల్లారాక, అన్ని క్లాంపులూ మళ్లీ బిగించాలి.

మీ బెడ్ 5.5 అడుగులదా 6.5 అడుగులదా, ట్రెయిలర్ తొలి భాగం బంపర్‌కు ఎంత దూరంలో ఉంటుంది అన్న రెండు వివరాలు రాస్తే టెయిల్‌పైప్ ఎక్కడ తేలాలో ఇంకాస్త కచ్చితంగా చెప్పగలను.