సిమ్ రద్దు చేయించే ముందు

మీ నాన్నగారు పోయాక ఆయన ఫోన్ తెరవగలుగుతున్నారని, సిమ్ రద్దు చేయించి, ఫేస్‌బుక్ ఖాతా తొలగించాలనుకుంటున్నారని రాశారు. దయచేసి సిమ్ జోలికి ఇప్పుడే వెళ్లకండి. ఓటీపీలన్నీ దానికే వస్తాయి; పైగా రద్దయిన నంబరు కొంతకాలానికి వేరొకరి చేతికి వెళ్లవచ్చు.

ముందుగా ఫోన్‌లోని ఫొటోలను, వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లతో సహా, రెండు చోట్ల భద్రపరచండి. మా అమ్మ పంపిన ‘ఇంటికి చేరావా’ అన్న నాలుగు సెకన్ల మెసేజ్‌ను ఫోన్ మార్చేటప్పుడు నేను పోగొట్టుకున్నాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఫేస్‌బుక్ ఖాతాను తొలగించడం కన్నా, మరణాన్ని ధ్రువీకరించే పత్రంతో దాన్ని స్మారక ఖాతాగా మార్పించడం మేలని నా అభిప్రాయం. అప్పుడు పోస్టులు నిలిచి ఉంటాయి, మిమ్మల్ని బాధిస్తున్న పుట్టినరోజును గుర్తుచేసే సందేశాలు ఆగిపోతాయి, అయితే ఆ తరువాత పాస్‌వర్డ్ తెలిసినవారు కూడా లాగిన్ కాలేరు.

గూగుల్ ఎవరికీ పాస్‌వర్డ్ ఇవ్వదు కానీ, దగ్గరి బంధువులు కోరితే ఖాతాను మూసివేయడానికి, కొన్ని సందర్భాల్లో అందులోని సమాచారం ఇవ్వడానికి అంగీకరిస్తుంది. 2 ఏళ్లు వాడకుండా ఉన్న వ్యక్తిగత ఖాతాలను అది తొలగించవచ్చు కనుక ఆ దరఖాస్తును వాయిదా వేయకండి.