గడ్డం గీసిన చోట సెంటు కొట్టకండి

"ఆఫ్టర్‌షేవ్ మీద సెంటు కూడా కొట్టుకోవచ్చా, రెండు వాసనలు కలిస్తే చెడిపోదా?" అని అడిగిన్రు. కొట్టుకోవచ్చు. కానీ ముందు మెడ సంగతి చూసుకోండి, వాసన సంగతి తర్వాత.

మా చెల్లె పెండ్లి మిర్యాలగూడలో అయింది, మే నెల. పొద్దున్నే గడ్డం గీసుకుని, ఆఫ్టర్‌షేవ్ అరచేతిలో పోసుకుని చెంపలకు, మెడకు పట్టించిన. చురుక్కుమంది, అది మామూలే. దాని మీదనే సెంటు మెడకు రెండు దిక్కులా నాలుగైదు సార్లు కొట్టిన. నల్లగొండ గడియారం సెంటర్‌లో రోడ్డు పక్కన కొన్న సీసా, మీద పేరు కూడా లేదు. ఎదుర్కోళ్ల కాడ గంటసేపు ఎండలో నిలబడ్డం. చెమట దిగుతుంటే కారం పూసినట్టు మంట. లగ్గం టైముకు మెడంతా దద్దులు. మా మేనమామ చూసి "ఏందిరా, గండుచీమలు కుట్టినయా?" అన్నడు. మంట రెండు రోజుల్లో తగ్గింది గానీ, సెంటు కారిన చోట గోధుమరంగు చార పడి నెలల తరబడి పోలేదు. బెర్గమాట్ లాంటి నిమ్మజాతి నూనెలున్న సెంటు మీద ఎండ పడితే చర్మం అట్లనే నల్లబడుతదని డాక్టర్ చెప్పిండు. ఆ పేరులేని సీసాలమ్మేటోళ్లను అడిగేటోడే లేడు.

ఇప్పుడు నేను గడ్డం గీయంగనే చన్నీళ్లు కొట్టుకుని, తడి మీదనే పటిక రుద్దుత. గాటు పడ్డ చోట రక్తం ఆగుతది, చర్మం బిగుసుకుంటది. పెండ్లికో ఫంక్షన్‌కో అయితే పటిక బదులు ఆఫ్టర్‌షేవ్. అందులో సువాసన నూనె 1 నుంచి 3 శాతమే ఉంటది, గంట రెండు గంటల్లో ఎగిరిపోతది, సెంటుతో కొట్లాడదు. సెంటు మాత్రం కత్తి తగలని చోటనే: మణికట్టు మీద, చొక్కా లోపల ఛాతీ మీద. రెండు సార్లు చాలు. దేవరకొండ బస్సులో పక్కనోడు సగం డబ్బా కొట్టుకుని ఎక్కితే కిటికీ తీసినా ఊపిరాడదు.

నన్నడిగితే అత్తరే మేలు. లతీఫ్ సాబ్ గుట్ట ఉర్సుకు వచ్చే పెద్దమనుషులు అత్తరులో ముంచిన దూది చెవి మడతలో పెట్టుకుంటరు. స్పిరిట్ లేదు, మంట లేదు. పక్కన కూసుంటే తప్ప వాసన రాదు, సాయంత్రం దాకా పోదు.