నడక నేర్చుకోవడమా, దిద్దుకోవడమా?

సందేహం: నేను ట్రాన్స్ మహిళను. ఏడాదిగా నా నడకనూ, నిలుచునే కూర్చునే తీరునూ మార్చుకోవడానికి సాధన చేస్తున్నాను. నాలాంటి మరికొందరికి పనికివస్తుందని తెలుగులో చిన్న పాఠం రాయబోయి మాటల దగ్గరే ఆగిపోయాను. ‘ఫెమినైన్ గెయిట్’ అన్నదానికి ‘హంసయాన నడక’, ‘ఒయ్యారపు నడక’, ‘స్త్రీసహజమైన నడక’, ‘ఆడనడక’ – వీటిలో ఏది సరైనది? ‘పోశ్చర్’ను ‘భంగిమ’ అనవచ్చునా? పెద్దవాళ్ల విషయంలో ‘నడక నేర్చుకోవడం’ అంటే పసిపిల్లల సంగతిలా వినిపిస్తుందేమో. పైగా మా బంధువు ఒకరు ‘హంస నడక రాకపోయె, కాకి నడక మరచిపోయె’ అని నా మీద సామెత విసిరారు. ఆ సామెత ఇక్కడ వర్తిస్తుందా?

సమాధానం: ముందు ‘హంసయాన నడక’ను పక్కన పెట్టేయండి, అది వ్యాకరణరీత్యా నిలవదు. యానం అంటే పోవడం, నడవడం. ‘హంసయాన’ అంటే హంస నడకవంటి నడక కలిగినది అని అర్థం, బహువ్రీహి సమాసం. అంటే అది నడకకు పేరు కాదు, నడిచే మనిషికి పేరు. మందయాన, మందగమన, మరాళగమన అన్నీ ఈ కోవలోవే. ‘పద్మాక్షి’ అన్న మాటను కన్నులకు పేరుగా వాడితే ఎలా ఉంటుందో, ‘హంసయాన నడక’ అన్నా అలాగే ఉంటుంది. నడకనే చెప్పదలిస్తే ‘హంసగమనం’, ‘హంసగతి’ అనాలి, లేదా తేట తెలుగులో ‘హంసనడక’ అనాలి.

అయితే హంసనడక స్త్రీల నడకేనా అన్నది వేరే ప్రశ్న, దాని దగ్గర కొంచెం ఆగవలసి ఉంది. నందికేశ్వరుడి పేరుతో ప్రసిద్ధమైన అభినయదర్పణం అనే సంస్కృత నాట్యగ్రంథంలో పది గతులు, అంటే నడకలు, చెప్పారు: హంసీ, మయూరీ, మృగీ, గజలీలా, తురంగిణీ, సింహీ, భుజంగీ, మండూకీ, వీరా, మానవీ. వరస చదవగానే ఇవన్నీ ఆడనడకలే కాబోలు అనిపిస్తుంది, ఎందుకంటే పేర్లన్నీ స్త్రీలింగంలో ఉన్నాయి. అసలు కారణం వేరు. సంస్కృతంలో ‘గతి’ అన్న శబ్దమే స్త్రీలింగం కనుక దానికి విశేషణంగా వచ్చేదీ ఆ లింగంలోనే ఉండాలి. వీరుడి నడకకు కూడా ‘వీరా’ అనే పేరు వచ్చింది అందుకే. ఇక ఏనుగు నడక సంగతి. మన కావ్యాలు చదివినవారికి గజగమనం అనగానే నాయికే గుర్తుకు వస్తుంది. కాని వాల్మీకి అయోధ్యాకాండలో రాముణ్ణి వర్ణిస్తూ ‘మత్తమాతంగగామి’ అన్నాడు, అంటే మదించిన ఏనుగులా నడిచేవాడని. తొందర లేకుండా, బరువు ఒక కాలి మీది నుంచి మరో కాలి మీదికి నిబ్బరంగా మారే నడక అది. రాముడికీ చెల్లింది, కావ్యనాయికలకూ చెల్లింది. కాబట్టి ఈ పోలికలు నడక తీరును చెబుతాయే తప్ప, నడిచేది ఆడా మగా అన్నది వాటంతట అవి చెప్పవు. అన్నట్టు, హంసకు దగ్గర చుట్టమైన బాతు ఇంచుమించు అలాగే ఒరుగుతూ నడిచినా మనవాళ్లు ‘బాతు నడక’ అని నవ్వుతారు. కవిసమయంలో, అంటే కవుల కట్టుబాటు పోలికల్లో, చోటు దొరకని పక్షి గతి అంతే.

రెండోది ఒయ్యారం. దీనిని తప్పనలేను కాని, పాఠానికి పనికిరాదంటాను. ఒయ్యారం, హొయలు, వగలు, కులుకు, బెళుకు – తెలుగులో ఇలాంటి మాటలకు కొదవ లేదు. కాని ఇవన్నీ అరుగు మీద కూర్చుని దారిన పోయే మనిషిని చూసేవారి మాటలు. నడిచే మనిషికి తన ఒయ్యారం కనబడదు. ‘ఒయ్యారంగా నడవండి’ అని రాస్తే చదివినవారు ఏ కాలు ఎక్కడ పెట్టాలో తెలియక నిలబడిపోతారు. పైగా వీటిలో కొన్నింటికి ముల్లు ఉంది. ‘కులుకులు చాలించు’ అని గద్దించడం ఉంది. ‘ఏం ఒయ్యారాలు పోతున్నావు’ అంటే మెచ్చుకోలు కాదు. గాలికి ఊగుతూ పొలాల గట్లను ఆక్రమించే పార్థీనియం కలుపు మొక్కకు మన రైతులు ‘వయ్యారిభామ’ అని పేరు పెట్టడంలో కూడా ఆ ఎకసెక్కం ఉంది.

‘స్త్రీసహజమైన నడక’ పత్రికలలో తరచుగా కనిపించే ప్రయోగమే. సహజం అంటే మనిషితోపాటే పుట్టినది అని అర్థం. మీరు రాస్తున్నది సాధనతో అలవడే నడక గురించి. అలవరచుకునేదాన్ని సహజమని పిలిచి, ఆ వెంటనే దానికి పాఠం రాయడం పొసగదు. అదీగాక, పెద్ద పెద్ద అంగలు వేసే ఆడవాళ్లు పొలాల్లోనూ, బస్టాండుల్లోనూ కావలసినంత మంది ఉన్నారు. ఈ మాట వాళ్లను అసహజులను చేస్తుంది. సంస్కృతంలో ‘స్త్రైణం’ అనే విశేషణం ఉంది కాని, ‘స్త్రైణుడు’ అంటే స్త్రీలోలుడు అన్న అర్థం స్థిరపడిపోయింది కనుక అటు పోవద్దు.

ఇక మిగిలినది ‘ఆడనడక’. ఇది నిక్షేపంగా వాడదగిన మాట. ఆడవేషం, ఆడగొంతు అన్నప్పుడు ‘ఆడ’ అనే విశేషణం మనిషికి కాక మనిషి తీరుకు చేరింది. ఆడనడక కూడా అదే అచ్చు. ‘ఆడంగి నడక’ అన్నదానితో దీనికి పోలిక లేదు. ‘ఆడంగులంతా పెరట్లో ఉన్నారు’ అని పాతతరంవారు అన్నప్పుడు ఆ బహువచనంలో తిట్టు లేదు, ఆడవాళ్లు అనే అర్థమే ఉంది. ఏకవచనంలో ‘ఆడంగి’ అంటే మాత్రం అది మగవాణ్ణి కించపరచడానికి ఆడతనాన్ని వాడుకునే తిట్టు. రెండూ ఒకే కుదురు నుంచి వచ్చినా, మర్యాదలో ఒకదానికొకటి ఆమడ దూరం. మీకు ‘ఆడనడక’ మరీ పొట్టిగా, మొరటుగా తోస్తే ‘స్త్రీల నడకతీరు’ అనండి. నృత్యంలో సుకుమారమైన తీరును ‘లాస్యం’ అంటారు. తాండవం శివుడిదనీ, లాస్యం పార్వతిదనీ సంప్రదాయం. కాని లాస్యం పలికించిన నర్తకులలో మగవారు ఎందరో ఉన్నారు, పైగా అది నృత్యానికి చెందిన మాట కనుక మీ పాఠానికి ఒదగదు.

ఈ విషయంలో మీకు ముందు నడిచినవారు తెలుగునాట లేకపోలేదు. కృష్ణా జిల్లా కూచిపూడిలో తరాల తరబడి సత్యభామ పాత్ర కట్టినవారు మగవారే. ఆ వేషంతో పేరుపొందిన వేదాంతం సత్యనారాయణ శర్మకు 1970లో పద్మశ్రీ వచ్చింది. నాటకరంగంలో అదే సత్యభామగా ప్రేక్షకులను కట్టిపడేసిన స్థానం నరసింహారావుకు 1956లోనే ఆ గౌరవం దక్కింది. వీరు వేషం కట్టినవారు, మీరు వేషం కట్టడం లేదు. ఆ భేదాన్ని నేను మరచిపోవడం లేదు. నేను చెప్పదలచుకున్నది అలా నేర్పేవారి భాష గురించి. చిన్నప్పుడు మా ఊరి వీధి నాటకానికి సాధన జరుగుతుంటే వెళ్లి కూర్చునేవాణ్ణి. స్త్రీపాత్ర కడుతున్న కుర్రవాడికి నేర్పే పెద్దాయన ఒక్కసారి కూడా ఒయ్యారం అన్న మాట వాడలేదు. ‘చంకన నిండుబిందె ఉందనుకో, నీళ్లు తొణక్కూడదు’ అనేవారు. ‘అంగ తగ్గించు. మడమ మోపు, ఆ తరువాతే మునివేళ్లు’ అనేవారు. ఆయన వాడినవన్నీ ఒంటి పేర్లు, క్రియలు. కుర్రవాడికి అప్పటికీ కుదరకపోతే వెంటనే చీర కట్టించేవారు. కుచ్చిళ్లు కాళ్లకు అడ్డు తగిలేసరికి అంగ దానంతట అదే కుదించుకునేది.

మీ పాఠానికి కావలసిన భాష అది. అందులో ‘అంగ’కూ ‘అడుగు’కూ తేడా పాటించండి. రెండు కాళ్ల నడుమ చాచిన దూరం అంగ; పాదం మోపడం అడుగు. ‘అంగ చిన్నది చేసి, అడుగులు దాదాపు ఒకే గీత మీద పడేలా నడవండి’ అంటే ఎవరికైనా తెలుస్తుంది. ‘గీత మీద’ అన్నారు కదా అని కాళ్లు ఒకదానికొకటి అడ్డంగా వేయకూడదని కూడా చెప్పండి.

ఇంకొక మాట దగ్గర మీరు తప్పక తడబడతారు. ఇంగ్లీషులో ‘హిప్స్’ అన్నదాన్ని మనవాళ్లు అలవాటుగా ‘నడుము’ అని అనువదిస్తారు. నడుము అంటే పక్కటెముకలకూ తుంటికీ మధ్య సన్నబడే భాగం. నడుము నొప్పి అన్నప్పుడు వీపు కింది భాగం. నడిచేటప్పుడు పక్కలకు ఒరిగేది తుంటి, సంస్కృతంలో కటి. ‘నడుము ఊపండి’ అని రాశారా, చదివినవారు పైభాగాన్నంతా తిప్పుతూ నడుస్తారు, అదీగాక ‘నడుము తిప్పడం’ తెలుగులో ఎత్తిపొడుపు మాట. ‘ఏ కాలు మోపితే ఆ వైపు తుంటి కొద్దిగా ఒరుగుతుంది, భుజాలు మాత్రం ఊగవు’ అని రాయండి. మగవారి నడకలో సాధారణంగా ఊగేది భుజాల వరస, ఆడవారి నడకలో తుంటి. చూసేవారు దూరం నుంచే పోల్చుకునేది ముఖ్యంగా ఈ తేడాను బట్టే.

‘పోశ్చర్’కు భంగిమ కుదరదు. భంగం అంటే వంపు, విరుపు. భంగిమ అంటే ఒక వంపులో కాసేపు ఆగి నిలవడం. త్రిభంగిలో, అంటే ఒంటిని మూడు చోట్ల వంచి, నిలిచిన కృష్ణుడిది భంగిమ, ఫొటోకు నిలబడేది భంగిమ. రోజంతా బస్సు కోసం, బడి దగ్గర, దుకాణం ముందు నిలబడే తీరు భంగిమ కాదు. ‘వైఖరి’ ఒకప్పుడు పనికివచ్చేదేమో కాని ఇప్పుడది రాజకీయ నాయకుల సొత్తు. తేలికగా ‘నిలిచే తీరు’, ‘కూర్చునే తీరు’, రెండూ కలిపి ‘ఒంటి తీరు’ అనండి. శాస్త్రపదమే కావాలనుకుంటే నిలిచే తీరుకు ‘స్థానకం’ ఉంది. భరతుడు నాట్యశాస్త్రంలో పురుషులకు ఆరు స్థానకాలు చెప్పి, స్త్రీలకు ఆయతం, అవహిత్థం, అశ్వక్రాంతం అని విడిగా మూడు చెప్పాడు. ఆయతంలో ఒక పాదం సమంగా ఉంటుంది, రెండోది ఏటవాలుగా పక్కన ఉంటుంది, ఆ వైపు కటి కాస్త లేచి ఉంటుంది. బరువును ఒక కాలికి అప్పగించి నిలబడ్డ ఏ ఆడమనిషిని చూసినా ఇది కనిపిస్తుంది.

ఈ భాగం రాసేటప్పుడు ఒక జాగ్రత్త. తెలుగులో ఒంటి తీరును చెప్పే పలుకుబళ్లు చాలావరకు బుద్ధులు చెప్పేవి. ఆడపిల్లకు ‘తల దించుకుని నడు’ అంటారు, మగపిల్లవాడికి ‘రొమ్ము విరుచుకుని నిలబడు’ అంటారు. ఇవి నిజానికి మెడ గురించీ, రొమ్ము గురించీ కావు, అణకువ గురించీ పెత్తనం గురించీ. ఆడతీరు అనగానే ‘తల దించి, ఒదిగి’ అని కలం రాసేస్తుంది. అలా రాయకండి, మెడ నొప్పి కూడా వస్తుంది. ‘వెన్ను నిటారుగా, భుజాలు వదులుగా, మోచేతులు ఒంటికి దగ్గరగా, చూపు ఎదురుగా’ అంటే సరిపోతుంది. మరొక సౌకర్యం కూడా చూడండి: తెలుగు క్రియలో ‘నడుస్తాడు’, ‘నడుస్తుంది’ అనే భేదం ప్రథమపురుషలోనే వస్తుంది. ‘నడుస్తున్నాను’ అన్నా, ‘నడవండి’ అన్నా లింగం బయటపడదు. హిందీలోనైతే ‘నడుస్తున్నాను’ అన్నా లింగం బయటపడుతుంది. పాఠమంతా ‘మీరు’తో రాస్తే తాము ఆడా మగా అన్నది ఇంకా తేల్చుకోని చదువరికి కూడా ఇబ్బంది ఉండదు.

సామెత సంగతి. అది ‘హంస నడకలు రాకపోయె, ఉన్న నడకలు మరచిపోయె’ అని కూడా వినబడుతుంది. పరుల గొప్పను చూసి అనుకరించబోయి రెంటికీ చెడినవాణ్ణి ఉద్దేశించి చెప్పేది. సామెత తూగు అంతా ‘రాకపోయె’ అన్న చోట ఉంది. వస్తే సామెతకు పని లేదు. అదీగాక, మీరు హంస గొప్పదని దాని వెంట పడటం లేదు, మీదనుకున్న నడకనే పట్టుకుంటున్నారు. మీ బంధువు మిమ్మల్ని ఏ పిట్టగా లెక్కగట్టారో ఆయనే చెప్పాలి.

చివరిగా, ‘నేర్చుకోవడం’ తప్పేమీ కాదు. కూచిపూడిలో తొలి పాఠాలకు పేరే ‘అడుగులు’, వాటిని పెద్దవారూ నేర్చుకుంటారు. ‘మొదట్లో తప్పటడుగులు పడతాయి’ అని మాత్రం రాసేముందు ఆలోచించండి. పసివాళ్లవైతే ముద్దు, పెద్దవాళ్లు వేస్తే ఆ మాటకు శీలం తప్పడమనే అర్థం వస్తుంది. ‘మొదట్లో అడుగు తడబడుతుంది’ అనండి. ‘నడత మార్చుకోవడం’ అన్నా ఇదే చిక్కు, ఎందుకంటే నడక కాళ్లది, నడత ప్రవర్తనది. నన్నడిగితే ‘నడక దిద్దుకోవడం’ అంటాను. దిద్దడమంటే సరిచేయడమే, అంటే ముందున్నది తప్పన్నట్టేగా అని మీరు అడగవచ్చు. తప్పు ఉన్న చోట మనం ఎక్కువగా ‘సరిదిద్దడం’ అంటాం. ఉత్త ‘దిద్దడం’ అక్షరాలకూ, కాటుకకూ, తిలకానికీ వాడే మాట: పలక మీద గురువు రాసిన గీత వెంట మళ్లీ మళ్లీ బలపం పోనివ్వడం. అది చేతికి వచ్చాక చేసేదానికి కూడా తెలుగులో మాట సిద్ధంగా ఉంది, ‘నడక పట్టుబడింది’ అనండి, లేదా ‘నడక ఒంటబట్టింది’ అనండి.